ముందు పదహారు లెక్కపెట్టు

హనుమకొండ

చిరంజీవి బిడ్డకు పెద్దనాన్న ఆశీస్సులు.

నిట్‌లో చేరి, ఫంక్షనల్ భాషల్లో (ప్రోగ్రామును ప్రమేయాలతో కట్టే భాషలు) ఎఫెక్టులకు, అంటే జవాబివ్వడమే కాక ప్రోగ్రాము చేసే ఇతర పనులకు, గణితం ఇచ్చే అర్థం మీద పని చేయబోతున్నావని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. ఎక్కడ మొదలుపెట్టాలని అడిగావు కదా. ఎఫెక్టులకు గణితం వాడే అచ్చును మోనాడ్ అంటారు, దాని నిర్వచనంతో మాత్రం మొదలుపెట్టకు. నేను అలాగే మొదలుపెట్టి ఏడాది పోగొట్టుకున్నాను. నిర్వచనం కంఠతా వచ్చింది, అది ఏ ప్రశ్నకు జవాబో తెలియలేదు.

ప్రశ్న ఇది: రెండు ప్రోగ్రాములు ఎప్పుడు సమానం? బ్యాంకులో టోకెన్లు ఇచ్చే యంత్రం లాంటి ఫంక్షన్ ఒకటి ఉందనుకో. పిలిచినప్పుడల్లా తర్వాతి అంకె ఇస్తుంది. ఇప్పుడు 7 దగ్గర ఉంది. రెండుసార్లు పిలిచి కూడితే 15, ఒకసారి పిలిచి రెట్టింపు చేస్తే 14. చిన్నప్పుడు నేర్చుకున్న బీజగణితం ఇక్కడ చెల్లలేదేమని కంగారుపడకు. ఆ పిలుపును ఒక సంఖ్య అనుకోవడమే పొరపాటు. యంత్రం ఇప్పుడున్న స్థితిని తీసుకుని ఒక సంఖ్యనూ, కొత్త స్థితినీ కలిపి ఇచ్చే ప్రమేయం అది. విలువలు వేరు, ఆ విలువలను తెచ్చే గణనలు వేరు అని 1989లో కంప్యూటర్ శాస్త్రవేత్త యూజీనియో మొగ్గి స్పష్టంగా విడదీశాడు. స్థితి, ఎక్సెప్షన్లు (పని మధ్యలో ఆగిపోవడం), అనిశ్చిత ఎంపిక (పలు దారుల్లో ఏదో ఒకటి పట్టడం), అన్నీ ఒకే అచ్చులో ఇముడుతాయని చూపాడు. ఆ అచ్చు పేరే మోనాడ్. ఆ తర్వాత ఫిలిప్ వాడ్లర్ దాన్ని ప్రోగ్రాములు రాసేవారి చేతికి అందించాడు.

ఇక కాగితం తీసుకో. ఒక పెట్టెలో 0 గానీ 1 గానీ ఉంటుంది. ప్రోగ్రాము దాన్ని చదవవచ్చు, అందులో రాయవచ్చు, చివర ‘అవును’ లేదా ‘కాదు’ అంటుంది. ఇలాంటి గణనలు మొత్తం ఎన్ని? మొదట పెట్టెలో ఏది ఉన్నా, చివరి జవాబుకు రెండు దారులు, చివరి స్థితికి రెండు దారులు, కలిపి 4. మొదలయ్యే స్థితులు రెండు కాబట్టి 4ను 4తో గుణిస్తే 16. ఆ పదహారింటినీ చేత్తో రాయి.

ఇప్పుడు రెండో వైపు నుంచి రా. చదవడం, రాయడం కలిపి ఎంత పొడవైన ప్రోగ్రామైనా కట్టవచ్చు, వాటికి అంతు లేదు. అయితే నాలుగు నియమాలున్నాయి. రాసిన వెంటనే చదివితే రాసిందే వస్తుంది. వెంట వెంటనే రెండుసార్లు రాస్తే రెండోదే నిలుస్తుంది. వెంట వెంటనే రెండుసార్లు చదివితే ఒకటే వస్తుంది. చదివినదాన్నే తిరిగి రాస్తే ఏమీ చేయనట్టే. ఈ నాలుగింటితో ఏ ప్రోగ్రామునైనా ‘ఒకసారి చదువు, ఒకసారి రాయి, జవాబివ్వు’ అనే రూపానికి కుదించవచ్చు. పెట్టెను ముట్టకుండా ఊరికే జవాబిచ్చే ప్రోగ్రాము కూడా నాలుగో నియమం వల్లే ఆ రూపంలోకి వస్తుంది. అలాంటి రూపాలెన్నో లెక్కపెట్టు. మళ్లీ 16! ఈ రెండు లెక్కలు కలిసిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. ఇలాంటి నియమాలే, అంటే సమీకరణాలే, మోనాడ్‌ను నిర్ణయిస్తాయని గోర్డన్ ప్లాట్కిన్, జాన్ పవర్ 2002లో చూపిన విషయానికి ఇది అతి చిన్న ఉదాహరణ. పెట్టెలు ఎక్కువైతే, వేర్వేరు పెట్టెల మీది పనులను వరుస మార్చి చేయవచ్చనే నియమాలు మరో మూడు చేరుతాయి.

రెండు ఎఫెక్టులు కలిసినప్పుడు తొందరపడకు. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు కాంటా వేస్తూ అడ్తిదారు పుస్తకంలో రాస్తున్నాడనుకో. మధ్యలో పేచీ వచ్చి బేరం ఆగింది. అప్పటిదాకా రాసిన తూకాలు పుస్తకంలో ఉంటాయా, పోతాయా? ఎక్సెప్షన్ వచ్చినా స్థితి మిగిలే మోనాడ్ ఒకటి, దాంతోపాటే స్థితి పోయే మోనాడ్ మరొకటి. రెండూ సరైనవే, నీకు ఏది కావాలో ముందే తేల్చుకోవాలి. పరిశోధన వ్యాసం చదివేటప్పుడు ఇది ఏ కలయిక అని మొదట అడుగు.

ఒక మెలిక మీద మాత్రం ఎక్కువ రోజులు కూర్చో. ఎక్సెప్షన్‌ను లేవనెత్తడం ఆ సమీకరణాల పద్ధతిలో ఇముడుతుంది, పట్టుకోవడం ఇమడదు. పట్టుకున్న తర్వాత చేయాల్సిన పనిని లోపలికి జరిపితే, ఆ పనిలో పుట్టే ఎక్సెప్షన్ కూడా అదే వలలో పడి అర్థం మారిపోతుంది. ఈ చిక్కును విప్పుతూనే ప్లాట్కిన్, మతియా ప్రెట్నార్ 2009లో హ్యాండ్లర్లను, అంటే ఎఫెక్టు పిలుపు వచ్చినప్పుడు ఏం చేయాలో చెప్పే నిర్మాణాలను, తెచ్చారు. ఓకామల్ అనే ఫంక్షనల్ భాష 5.0 వెర్షన్‌లో 2022 డిసెంబరు నుంచి అవి ఉన్నాయి. ఇన్‌స్టాల్ చేసుకుని, పెట్టె ఉదాహరణను హ్యాండ్లర్‌తో రాసి చూడు. కంటిన్యుయేషన్ల (ఇక మిగిలిన పనినే ఒక విలువగా పట్టుకోవడం) జోలికి ఇప్పుడే వెళ్లకు, వాటి మోనాడ్ ఈ సమీకరణాలకు లొంగదు.

మోనాడ్ పుట్టిన గణిత శాఖ, కేటగిరీ థియరీ, వద్దనడం లేదు. ఈ పదహారు నీ చేతికి వచ్చాక మోనాడ్ నియమాలు మూడూ పది నిమిషాల్లో తెలుస్తాయి. ఆదివారం ఇంటికి వచ్చేటప్పుడు ఆ కాగితం తీసుకురా. పెట్టె నియమాల్లో మూడోది, రెండుసార్లు చదివేది, నిజంగా అవసరమా, మిగతా వాటి నుంచే వస్తుందా అని ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ పెద్దనాన్న