పెరటి పందిట్లో పండు ఈగ

ప్రశ్న: నూజివీడు దగ్గర మా ఇంటి వెనక 20 సెంట్లలో బీర, కాకర, సొర, వంగ, తోటకూర, నాలుగు జామ చెట్లు పెంచుకుంటున్నాం. బీర, కాకర పిందెలు వంకర తిరిగి, పసుపెక్కి, కుళ్లి రాలుతున్నాయి. జామకాయలూ అంతే. కుళ్లు తెగులని షాపులో గంధకం, మోనోక్రోటోఫాస్ ఇస్తే కలిపి అన్నిటి మీదా రెండుసార్లు కొట్టాం. ఆఖరిసారి కొట్టి నాలుగు రోజులైంది. ఇప్పుడు పాదుల ఆకులు కూడా మాడుతున్నాయి. ఏ మందు కొట్టాలి? – ఒక మహిళా రైతు

జవాబు: ఏ మందూ కొట్టొద్దమ్మా. ఇది కుళ్లు తెగులు కాదు, పండు ఈగ. రాలిన పిందెను కోసి చూడండి, తెల్లటి పురుగులు కనిపిస్తాయి. ఈగ తొక్క కింద గుడ్లు పెడుతుంది. పురుగు కాయ లోపలే పెరుగుతుంది కాబట్టి పైన కొట్టిన మందు దానికి సరిగా అందదు. ఆకులు మాడింది గంధకం వల్ల. తీగజాతి కూరగాయలు దాన్ని తట్టుకోలేవు.

మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడకూడదని ప్రభుత్వం ఎప్పుడో నిషేధించింది. షాపులో ఇచ్చారని ఇంట్లో పిల్లలు తినే తోటకూర మీద కొట్టేస్తారా? ఆ తోటకూర పీకి పాతేయండి. చెట్లమీదున్న కాయలన్నీ కోసి పాతేయండి. మూడు వారాల దాకా ఆ పెరటి కాయ ఏదీ వండొద్దు, పశువులకూ వేయొద్దు.

ఈగకు అసలు మందు శుభ్రతే. రాలిన కాయలు రోజూ ఏరి రెండడుగుల లోతు గోతిలో పూడ్చండి. పెంటకుప్పలో వేస్తే అక్కడే ఈగలవుతాయి. పురుగు నేలలో దిగి కోశస్థ దశకు, అంటే కదలకుండా ఉండి ఈగగా మారే దశకు, వెళ్తుంది. పాదుల కింద, జామ కింద పైపైన తవ్వితే అవి బయటపడి ఎండకు చస్తాయి.

వాసనతో మగ ఈగలను లాగి పట్టే ఎర బుట్టలు దొరుకుతాయి. పందిరి ఎత్తులో క్యూ లూర్ అనే ఎర ఉన్న బుట్టలు రెండు, జామ కొమ్మలకు మిథైల్ యూజినాల్ అనే ఎర ఉన్న బుట్టలు రెండు కట్టండి. బీర, కాకరల ఈగ వేరు, జామ ఈగ వేరు. ఒకదాని ఎరకు రెండోది రాదు. ఎర బిళ్లలు 45 రోజులకోసారి మార్చండి. జామకాయ నిమ్మకాయంత కాగానే కాగితం సంచి తొడగండి.

ఇంకో మాట. బీర, సొర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, కాకర పూలు పొద్దున్నే. అన్నీ కలిపి పెంచే పెరట్లో ఏ పూట పురుగుమందు కొట్టినా పరాగాన్ని మోసే పురుగులేవో చస్తాయి. అవి లేకపోతే పిందే పట్టదు.

కోసిన పిందెల్లో పురుగు కనిపించకపోతే మాత్రం నాలుగు పిందెలు, రెండు ఆకులు కవర్లో వేసుకుని దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రానికి వెళ్లండి. మళ్లీ ఆ షాపుకు వెళ్లొద్దు.