కృతజ్ఞతలు రాస్తున్నా మనసు తేలికపడటం లేదు!

ప్రశ్న: నా వయసు 41. భర్త, ఇద్దరు పిల్లలు, ఉద్యోగం ఉన్నాయి. చెప్పుకోదగ్గ లోటేమీ లేదు. అయినా రాత్రి పడుకోగానే ఆరోజు ఎవరేమన్నారో, ఏ పని చెడిందో అవే తిరుగుతుంటాయి. నిద్ర పట్టేసరికి ఒంటిగంట దాటుతోంది. రోజూ మూడు విషయాలకు కృతజ్ఞతలు రాసుకోమని స్నేహితురాలు చెబితే ఇరవై రోజులు రాశాను. కుటుంబం, ఆరోగ్యం, ఉద్యోగం... రోజూ అవే. పైగా, ఇన్ని ఉండి కూడా సంతోషంగా లేనని ఇప్పుడు తప్పు చేసినట్టుగా ఉంటోంది. మొన్న నాకు జ్వరం వస్తే మా ఆయన రాత్రి రెండింటిదాకా తడిగుడ్డ మారుస్తూ కూర్చున్నారు. తెల్లారేసరికి చిన్న మాటకే మళ్లీ గొడవ. నాలోనే ఏదైనా లోపం ఉందా?

జవాబు: లోపం కాదమ్మా. పది మంచి మాటలు విన్నా నొప్పించిన ఒక్క మాటనే పట్టుకుని వేలాడటం మనసు సహజ గుణం. ప్రమాదాన్ని ముందుగా పసిగట్టడానికి అలా అలవాటుపడింది. మంచికేమో ఇట్టే అలవాటైపోయి దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది.

మీ స్నేహితురాలి సలహా మంచిదే. 2003లో రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకల్లో అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన అధ్యయనంలో కొందరు పది వారాలపాటు, వారానికోసారి, కృతజ్ఞత కలిగించిన విషయాలు రాశారు. చికాకులు రాసినవాళ్లకంటే వీళ్లు ఒంట్లో బాధలు తక్కువగా చెప్పారు, వ్యాయామం ఎక్కువ చేశారు. నరాలు, కండరాల జబ్బున్నవాళ్లు మూడు వారాలు రోజూ రాస్తే వాళ్ల నిద్ర కూడా మెరుగుపడింది. రెండేళ్ల తర్వాత మార్టిన్ సెలిగ్మన్ అనే మరో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బృందం, ఆరోజు జరిగిన మూడు మంచి విషయాలతోపాటు అవి ఎందుకు జరిగాయో కూడా రాయించింది. మీ పుస్తకంలో లేనిది ఆ ‘ఎందుకు’ అనే నాకనిపిస్తోంది.

చూడండి, పుస్తకంలో ‘కుటుంబం’ అని రాసుకున్నారు. నాకు రాసేటప్పుడు మాత్రం తడిగుడ్డ రాశారు. ఆ ఒక్క వాక్యం చదివాక నాకు ఆ గది కనిపించింది. గిన్నెలో నీళ్లు, ఆయన నిద్రకళ్లు, మీ నుదుటి మీద చల్లదనం. ఆయన ఎందుకు కూర్చున్నారు? పడుకోమని మీరు అన్నా లేవలేదా? ఇది రాయండి. నాలుగు వాక్యాలు చాలు. ‘కుటుంబం’ అనే మాట ఇరవైసార్లు రాస్తే హాజరుపట్టీ అవుతుంది.

రోజూ రాయాల్సిందేనని పట్టుబట్టకండి. ఏమీ తోచని రోజు పేజీ ఖాళీగా వదిలేయండి. పక్కమీదికి చేరాక కాకుండా, గంట ముందే కాగితం మీద రాయండి. మిమ్మల్ని పీడించే విషయాలు కూడా అదే కాగితం వెనకవైపు రాయండి, దాచుకోవద్దు.

ఇంకో మాట. జ్వరంలో చూసుకున్నారు కదా అని గొడవని మింగేయక్కర్లేదు. కృతజ్ఞత పేరుతో నోరు కట్టేసుకున్నవాళ్లని నా దగ్గర చాలామందిని చూశాను, వాళ్లని చూస్తే బాధేస్తుంది. ఆయన సేవా నిజమే, పొద్దున నొచ్చుకున్నదీ నిజమే. ‘ఇన్ని ఉండి కూడా’ అని మిమ్మల్ని మీరు దెప్పుకోవడం మాత్రం ఈరోజే ఆపేయండి.

రాయడం మందు కాదు. కుంగుబాటు, ఆందోళనల మీద దీని ప్రభావం కొద్దిపాటిదేనని తర్వాతి పరిశోధనల్లో తేలింది. రెండు వారాలకు మించి దిగులు వదలకపోయినా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా, ఆకలి, నిద్ర బాగా దెబ్బతిన్నా సైకియాట్రిస్టుని కలవండి. బతకాలనిపించడం లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే, ఆరోజే ఇంట్లోవాళ్లకి చెప్పి వెళ్లండి.

ఈ రాత్రి రాయకండి. ఆయన పక్కన కూర్చుని, ‘ఆరోజు రెండింటిదాకా మేలుకున్నారు, నాకు గుర్తుంది’ అనండి. పొద్దుటి గొడవ సంగతి రేపు మాట్లాడుకోవచ్చు.