మీవారి చేతిలోని నొప్పి మాత్రలు లాక్కోకండి

ప్రశ్న: హెచ్-4 వీసా మీద నేను ఈ మధ్యే డల్లాస్ వచ్చాను. పెళ్ళికి ముందు కారు ప్రమాదం జరిగి మావారికి నడుము ఆపరేషన్ అయింది. అప్పుడు మొదలుపెట్టిన నొప్పి మాత్రలు ఇప్పటికీ వాడుతున్నారు. నెలకిచ్చిన మాత్రలు పదిహేను రోజులకే అయిపోతున్నాయి, అడిగితే కోప్పడుతున్నారు. హైదరాబాదు పంపితే తామే మాన్పిస్తామని మా అత్తగారు అంటున్నారు. గ్రీన్ కార్డుకు ఇబ్బంది అవుతుందేమోనని ఎవరికీ చెప్పలేదు. ఏం చేయాలి?

జవాబు: ముందుగా చేయకూడని పని చెప్తాను. ఆ సీసాను దాచడం గానీ, టాయిలెట్‌లో పారబోయడం గానీ చేయకండి, మీ తలమీద ఒట్టు వేయించుకుని రేపటి నుంచి మానేయమనీ అడగకండి. మీరు మాత్ర పేరు రాయలేదు గానీ, ఆపరేషన్ల తర్వాత ఇక్కడ ఎక్కువగా రాసేవి హైడ్రోకోడోన్, ఆక్సికోడోన్, ట్రామడాల్. ఇవన్నీ నల్లమందు కుటుంబానికి చెందిన ఓపియాయిడ్లు. కొన్ని వారాలు వరుసగా వాడితే ఎంతటి మనోబలం ఉన్నవారి శరీరమైనా వాటికి అలవాటు పడుతుంది. ఒక్కసారిగా ఆపితే 8 నుంచి 24 గంటల్లో ఆవులింతలు, ముక్కు కారడం, విరేచనాలు, కాళ్ళ పీకుడు, నిద్రలేమి మొదలై, రెండు మూడు రోజులకు భరించలేని స్థితికి చేరతాయి. ఆ బాధలో ఉన్న మనిషి మాత్ర ఎక్కడ దొరికితే అక్కడ కొంటాడు. ఇక్కడ ఫార్మసీ బయట దొరికే నీలిరంగు ‘ఎం 30’ మాత్రల్లో చాలావరకు ఆక్సికోడోన్ పేరుతో అమ్మే, ఫెంటనిల్ అనే అతి శక్తివంతమైన ఓపియాయిడ్ కలిపిన నకిలీలే, వాటిలో ఒక్కటి వేసుకున్నా ప్రాణం పోవచ్చు. ఇలా హఠాత్తుగా మందు ఆపించవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019లో డాక్టర్లనే హెచ్చరించింది.

మీ అత్తగారి సలహాలో ప్రేమ ఉంది, కానీ ప్రమాదం అంతకన్నా ఎక్కువ ఉంది. హైదరాబాదు పంపడం, అయ్యప్ప దీక్ష వేయించడం, నెల్లాళ్ళు పల్లెలో ఉంచడం వంటివన్నీ మన ఇళ్ళల్లో తాగుడు మాన్పించడానికి వాడిన ఉపాయాలు. దీక్షలోని నిష్ఠను నేను తక్కువ చేయడం లేదు. అయితే 41 రోజులు మాత్ర ముట్టని శరీరం పాత మోతాదును తట్టుకునే శక్తిని కోల్పోతుంది, కోరిక మాత్రం మిగిలే ఉంటుంది. మాల తీశాక గానీ, విమానం దిగాక గానీ పాత లెక్కలోనే మాత్రలు వేసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. చికిత్స లేకుండా కొంతకాలం మానేసి మళ్ళీ మొదలుపెట్టిన రోజులే ఈ జబ్బులో అన్నిటికన్నా ప్రమాదకరమైనవి. నెల రోజులు ఉంచుకుని, తర్వాత ఏ మందూ లేకుండా ఇంటికి పంపే ఖరీదైన రిహాబ్ (వ్యసన విముక్తి) కేంద్రాల మీద నాకు నమ్మకం లేకపోవడానికీ కారణం ఇదే.

ఈరోజే చేయవలసిన పని ఒకటుంది. ఓపియాయిడ్ల మోతాదు మించి ఊపిరి ఆగిపోతుంటే దాన్ని తిరిగి తెప్పించే నార్కాన్ అనే ముక్కు స్ప్రే 2023 నుంచి ప్రిస్క్రిప్షన్ లేకుండా ఫార్మసీలో దొరుకుతోంది, చాలాచోట్ల ఆరోగ్య శాఖవారు ఉచితంగా కూడా ఇస్తారు. రెండు డోసుల పెట్టె తెచ్చి మీకు అందుబాటులో పెట్టుకోండి. ఆయన ఎంత లేపినా లేవకపోయినా, గొంతులో గురగురమని శబ్దం వస్తున్నా, పెదవులు నీలం తిరిగినా 911కి ఫోన్ చేసి, ఒక ముక్కు రంధ్రంలో స్ప్రే కొట్టి, పక్కకు తిప్పి పడుకోబెట్టండి. రెండు మూడు నిమిషాలకూ స్పృహ రాకపోతే రెండో డోసు ఇవ్వండి. తేరుకున్నా సరే ఆసుపత్రికి వెళ్ళక తప్పదు, ఎందుకంటే స్ప్రే ప్రభావం 30 నుంచి 90 నిమిషాల్లో తగ్గిపోతుంది, లోపలి మాత్రలు అంతకన్నా ఎక్కువసేపు పనిచేయవచ్చు. మద్యం, అల్‌ప్రజోలమ్ వంటి నిద్రమాత్రలు తోడైతే ముప్పు ఇంకా పెరుగుతుంది.

సీసా మీది పేరులో ‘అసిటమినోఫెన్’ అని కూడా ఉందేమో చూడండి. అది మన పారాసిటమాలే. హైడ్రోకోడోన్ మాత్రల్లో చాలావాటిలో ఇది కలిసే ఉంటుంది. పెద్దవాళ్ళకు రోజుకు గరిష్ఠ పరిమితి 4 గ్రాములు. మాత్రలు లెక్కకు మించి వేసుకుంటూ, పైన సూట్‌కేసులో తెచ్చుకున్న డోలో కూడా వేసుకునేవారికి, మత్తు సంగతి తేలకముందే కాలేయం దెబ్బతినవచ్చు. అందుకే డాక్టరు దగ్గర రక్తపరీక్ష అడగండి. వచ్చే పెద్దవాళ్ళ చేత ఇండియా నుంచి ట్రామడాల్ తెప్పించుకోవడం మాత్రం వద్దే వద్దు. అది ఇక్కడ 2014 నుంచీ, భారతదేశంలో 2018 నుంచీ నియంత్రిత మందుల జాబితాలో ఉంది.

ఇక చికిత్స సంగతి. బ్యూప్రినార్ఫిన్ అనే మందు మెదడులో ఓపియాయిడ్లు పట్టుకునే చోటునే పట్టుకుంటుంది కానీ పాక్షికంగానే పనిచేస్తుంది. కాబట్టి కోరిక, బాధ తగ్గుతాయి, ఒక హద్దు దాటాక మత్తు పెరగదు. ‘ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు అలవాటు చేస్తారా’ అని మీ ఇంట్లో తప్పకుండా అడుగుతారు. ఈ మందు గానీ, ప్రత్యేక క్లినిక్‌లలో మాత్రమే ఇచ్చే మెథడోన్ గానీ వాడుతున్నవారిలో మరణాలు దాదాపు సగానికి తగ్గుతాయని చెప్పండి. బ్యూప్రినార్ఫిన్ రాయాలంటే డాక్టర్లకు ఒకప్పుడు ప్రత్యేక అనుమతి కావలసి వచ్చేది. 2022 డిసెంబరులో వచ్చిన చట్టం దాన్ని తీసేసింది కాబట్టి, మీ ప్రైమరీ కేర్ డాక్టరే రాయవచ్చు. ఆ డాక్టరు వెనకాడితే, సంసా అనే ప్రభుత్వ సంస్థ ఉచిత హెల్ప్‌లైన్ 1-800-662-4357 రాత్రింబగళ్ళు పనిచేస్తుంది, పేరు చెప్పనక్కరలేదు. ఒక్క జాగ్రత్త: పాత మాత్రల ప్రభావం తగ్గి బాధ మొదలయ్యాకే దీన్ని ప్రారంభించాలి, ముందే వేసుకుంటే ఆ బాధ ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. అందుచేత మొదటి డోసు డాక్టరు చెప్పినట్టే వేసుకోవాలి. నడుము నొప్పి నిజంగానే మిగిలి ఉంటే దానికి ఫిజియోథెరపీ వంటి వేరే దారి కూడా అదే రోజు అడగండి. నొప్పిని పట్టించుకోని చికిత్స నిలవదు.

ఆయనతో మాట్లాడటానికి మాత్ర మత్తులో గానీ, మాత్ర లేని చిరాకులో గానీ లేని వేళ చూసుకోండి. ‘నువ్వు బానిసవైపోయావు’ అనేకన్నా, ‘మొన్న కారు నడుపుతూ కునికారు, నాకు భయమేసింది, గురువారం డాక్టరు దగ్గరికి ఇద్దరం వెళ్దాం’ అన్న మాట పనిచేస్తుంది. ఆయన ఆఫీసుకు వెళ్ళలేని రోజు మేనేజరుకు జ్వరమని మీరు మెసేజ్ పెడుతుంటే అది ఇవాళ్టి నుంచి మానండి. ఆయన అనుమతి లేనిదే డాక్టరు మీకు ఏమీ చెప్పకపోవచ్చు గానీ, మీరు చూసింది డాక్టరుకు చెప్పడాన్ని ఏ చట్టమూ అడ్డుకోదు. ఇంగ్లీషు బెరుకుంటే ఆసుపత్రిలో తెలుగు దుబాసీని అడగండి, ఫోన్‌లోనైనా ఉచితంగా ఏర్పాటు చేస్తారు. ఇలాంటి విషయానికి స్నేహితుల భార్యను దుబాసీగా తీసుకెళ్ళకండి. మన పాట్‌లక్ విందుల్లో కొలెస్టరాల్ అంకెల నుంచి ఇంటి లోను వడ్డీదాకా అన్నీ మాట్లాడుకుంటాం, ఈ ఒక్క జబ్బు మాత్రం ఎవరింట్లోనూ లేనట్టే ఉంటాం. వదంతి పుట్టడానికి అంతకన్నా అనువైన చోటు లేదు.

వీసా గురించి మీ భయం పూర్తిగా నిరాధారం కాదు, అందుకే వివరంగా చెప్తున్నాను. డాక్టరు రాసిన మందు రాసినట్టు వాడటం గానీ, చికిత్స చేయించుకోవడం గానీ నేరం కాదు. దొంగ ప్రిస్క్రిప్షన్, ఇంకొకరి మాత్రలు కొనడం నేరాలు. మాదకద్రవ్యాల కేసులో శిక్ష పడితే హెచ్-1బీ వారినే కాదు, గ్రీన్ కార్డు ఉన్నవారిని కూడా దేశం నుంచి పంపించేయవచ్చు. గ్రీన్ కార్డు వైద్య పరీక్షలో వ్యసనం బయటపడితే దరఖాస్తు తిరస్కరించవచ్చు. కానీ 12 నెలలు నిలకడగా కోలుకున్నట్టు రుజువైతే ఆ అడ్డంకి తొలగుతుంది, అంటే ఎంత ముందుగా చికిత్స మొదలుపెడితే ఆ గడువు అంత ముందుగా పూర్తవుతుంది. ఆ పరీక్షలో అబద్ధం చెప్పవద్దు, వెళ్ళేముందు ఇమ్మిగ్రేషన్ లాయరుతో మాట్లాడండి. ఉద్యోగం విషయానికొస్తే, వ్యసన చికిత్స రికార్డులకు సాధారణ రికార్డులకన్నా గట్టి ఫెడరల్ రక్షణ ఉంది. 50 మంది లేదా అంతకన్నా ఎక్కువమంది పనిచేసే సంస్థలో ఏడాదిగా ఉన్నవారు చాలావరకు, చికిత్స కోసం ఎఫ్‌ఎంఎల్‌ఏ చట్టం కింద 12 వారాలదాకా జీతం లేని సెలవు తీసుకోవచ్చు.

అత్తగారిని ఒప్పించడం మీ ఒక్కరి పని కాకపోవచ్చు. ఆవిడను అక్కడి నుంచే భారత ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయమనండి, తెలుగులోనే మాట్లాడతారు. కోడలు చెబితే వినని మాట అక్కడి కౌన్సెలర్ చెబితే వినవచ్చు.

చికిత్స కుదురుకున్నాక మిగిలిన పాత మాత్రలను ఆయన చేతే ఫార్మసీలోని సేకరణ పెట్టెలో వేయించండి. ఏప్రిల్, అక్టోబరు నెలల్లో ఇలాంటి మందులు తిరిగి తీసుకునే రోజులు కూడా ఉంటాయి. అవేవీ దగ్గరలో లేకపోతే, హైడ్రోకోడోన్, ఆక్సికోడోన్ మాత్రలను టాయిలెట్‌లో వేసి నీళ్ళు వదలడానికి ఎఫ్‌డీఏ అనుమతిస్తుంది.