ఊరు తెలిస్తేనే తాత దొరుకుతాడు

ఈ వారం వచ్చిన ప్రశ్నల్లో ఒకటి టెక్సాస్ నుంచి వచ్చింది. దానికి జవాబు రాస్తూ కూర్చుంటే సగం కాలమ్ అదే తినేసింది. ఇక మిగిలినవి కూడా దాని చుట్టాలనే ఏరుకున్నాను. ఫోన్ బ్యాటరీ వాళ్లు, వాట్సాప్ బ్యాకప్ వాళ్లు వచ్చే వారం దాకా కాస్త ఓపిక పట్టాలి.

ప్రశ్న: మాది గుంటూరు. ఉద్యోగం శాన్ ఆంటోనియోలో. నా భార్య మెక్సికన్ అమెరికన్. వాళ్ల ముత్తాత 1910ల్లో, మెక్సికోలో విప్లవం నడుస్తున్నప్పుడు, న్యూవో లియోన్ రాష్ట్రం నుంచి వచ్చారని ఇంట్లో చెప్పుకుంటారు. మా పాపకి స్కూల్లో వంశవృక్షం ప్రాజెక్ట్ ఇచ్చారు. నా వైపు ఐదు తరాలు మా పెదనాన్న ఫోన్‌లోనే గడగడా చెప్పేశారు. నా భార్య వైపు రెండు తరాల దగ్గరే ఆగిపోయాం. ఒక సైట్‌కి డబ్బు కట్టి ‘హువాన్ గార్సియా’ అని కొడితే వేలకు వేలు వచ్చాయి. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ముందు ఆ సైట్‌కి నెలనెలా కట్టే డబ్బు ఆపేయండి. అది చెడ్డదని కాదు, మీకు ఇప్పుడు దాని అవసరం లేదు. మెక్సికో రికార్డులకు పెద్ద దిక్కు ఫ్యామిలీసెర్చ్ అనే సైట్. పైసా ఖర్చు లేదు, ఒక లాగిన్ ఉంటే చాలు. సాల్ట్ లేక్ సిటీలోని మోర్మన్ చర్చి దీన్ని నడుపుతోంది. ఖాతా తెరవడానికి ఆ మతం వాళ్లే అయ్యుండాల్సిన పని లేదు. వాళ్లు 1938లో మైక్రోఫిల్మ్ తీయడం మొదలుపెట్టి, 1950ల్లో మెక్సికో చర్చి పుస్తకాల మీద పడ్డారు. అలా ప్రపంచమంతా తిరిగి పోగేసిన 24 లక్షల రోల్స్‌ని డిజిటల్‌లోకి మార్చడం 2021లో పూర్తయింది. మీ ముత్తాతగారి బాప్టిజం పేజీ అందులో ఉండే అవకాశం చాలా ఎక్కువ.

కానీ వెంటనే సెర్చ్ బాక్స్ దగ్గరికి పరుగెత్తకండి. ఒక కాగితం మీద రెండు సంగతులు రాసుకోండి: ఆయన రెండు ఇంటిపేర్లు, ఆయన సొంత ఊరు.

రెండు ఇంటిపేర్లేమిటంటారా? స్పానిష్ పద్ధతిలో మొదటిది తండ్రి నుంచి వస్తుంది, రెండోది తల్లి నుంచి. హువాన్ గార్సియా లోపెజ్ అంటే తండ్రి గార్సియా, తల్లి లోపెజ్‌ల ఆడపడుచు. పెళ్లయినా ఆడవాళ్ల ఇంటిపేరు మారదు. వంశవృక్షం గీసేవాళ్లకి ఇంతకంటే వరం ఏముంటుంది! మన దగ్గర ముత్తవ్వ పుట్టింటివారి పేరు కావాలంటే ఊళ్లో తొంభై దాటిన వాళ్లెవరున్నారా అని వెతుక్కోవాలి.

చిక్కల్లా సరిహద్దు దాటాకే. అక్కడి గుమాస్తా చివరి మాటే ఇంటిపేరనుకుంటాడు. అందుకే ఒకే మనిషి ఒక కాగితంలో గార్సియాగా, ఇంకో కాగితంలో లోపెజ్‌గా కనిపిస్తాడు. ఆయన భార్యకు అమెరికా కాగితాల్లో మొగుడి ఇంటిపేరు తగిలించేస్తారు. ఇది మనకు కొత్తేమీ కాదు. ఇంటిపేరు ముందు రాసుకునే అలవాటు వల్ల ఒక ఆఫీసు ఫారంలో నా ఇంటిపేరే నా పేరైపోయింది. మూడేళ్లు అక్కడ అందరూ నన్ను మా తాతముత్తాతల పేరుతోనే పిలిచారు.

ముద్దుపేర్ల గొడవ ఇంకొకటి. అమ్మమ్మగారు ‘పాంచో తాత’ అన్నారంటే రికార్డులో ఫ్రాన్సిస్కో అని ఉంటుంది. చుయ్ అంటే హెసూస్, నాచో అంటే ఇగ్నాసియో, లూపె అంటే గ్వాదలూపె. బుజ్జి, చంటి అని వెతికితే మన రేషన్ కార్డు దొరుకుతుందా? ఇదీ అంతే. పైగా బాప్టిజంలో మగపిల్లలకు ముందు హోసె, ఆడపిల్లలకు మరియా తగిలించడం మామూలు. ఆ ఒక్క మాటతో వెతికితే ఊరు ఊరంతా వచ్చి కూర్చుంటుంది.

ఇక ఊరు. అసలు పని ఇక్కడుంది. మెక్సికో రికార్డులు ఊరి వారీగానే ఉంటాయి: చర్చివి పారిష్ (ఒక చర్చి కిందికి వచ్చే ప్రాంతం) లెక్కన, ప్రభుత్వానివి మునిసిపియో (స్థానిక పాలన ప్రాంతం) లెక్కన. ఇంట్లో వాళ్లు ‘మాంటెరే నుంచి వచ్చాం’ అంటారు, అది న్యూవో లియోన్ రాజధాని. మనం పరాయివాళ్లకి ‘హైదరాబాద్’ అని చెప్పినట్టే అది. అసలు ఊరు అక్కడికి ఎంతో దూరంలో ఉండొచ్చు. దాన్ని మెక్సికోలో వెతక్కండి, అమెరికా కాగితాల్లో వెతకండి. సరిహద్దు దాటినప్పుడు రాసిన కార్డుల్లో పుట్టిన ఊరు, వెనక ఉండిపోయిన దగ్గరి బంధువు పేరు తరచుగా కనిపిస్తాయి. 1942లో పెద్ద వయసు మగవాళ్లను కూడా సైన్యం జాబితాలో రాసుకున్నారు, ఆ కార్డులో పుట్టినచోటు గడి ఉంది. టెక్సాస్ మరణ ధ్రువపత్రంలో తల్లిదండ్రుల పేర్లు ఉంటాయి. శాన్ ఆంటోనియో చర్చిలో పెళ్లి జరిగి ఉంటే ఆ పుస్తకం కూడా అడగండి. జనాభా లెక్కల మీద ఆశ పెట్టుకోవద్దు. వాటిలో పుట్టినచోటు దగ్గర మామూలుగా ‘మెక్సికో’ అని మాత్రమే ఉంటుంది. 1920, 1930 లెక్కల్లో ఏ ఏడాది వలస వచ్చారో ఉంటుంది కాబట్టి దానికి పనికొస్తాయి.

ఊరు దొరికిందా, ఇక దారి సాఫీ. 1859లో మెక్సికో అధ్యక్షుడు బెనితో హువారెస్ ప్రభుత్వం జననమరణాల నమోదును చర్చి చేతిలోంచి తీసుకుని ప్రభుత్వానికి అప్పగించింది. అమల్లోకి రావడానికి చాలా ఊళ్లలో ఇంకొన్నేళ్లు పట్టింది. ఆ జనన నమోదుల్లో తల్లిదండ్రులతో పాటు తాతలు, నానమ్మ, అమ్మమ్మల పేర్లు కూడా చాలాసార్లు రాశారు. అంటే ఒక్క పేజీలో మూడు తరాలు. అంతకు ముందు కాలానికి చర్చి పుస్తకాలే ఆధారం.

వాటిలో నాకు బాగా నచ్చేవి పెళ్లి విచారణ కాగితాలు. దగ్గరి చుట్టాల మధ్య పెళ్లికి చర్చి అనుమతి తప్పనిసరి. మనం మేనరికం కుదిరితే సంబరపడతాం. అక్కడ మాత్రం వధూవరులిద్దరూ ఏ ముత్తాత దగ్గర కలుస్తారో సాక్షుల చేత చెప్పించి రాసుకునేవారు, కొన్నిసార్లు చిన్న వంశవృక్షం బొమ్మే గీసేవారు. రెండు వందల ఏళ్ల కిందట ఎవరో పాదిరి గీసిన బొమ్మ మీ పాప ప్రాజెక్ట్‌కి దొరికితే టీచరు ఇంకేం అడుగుతుంది!

వెతకడంలో ఒక కిటుకు. పిల్లవాడి పేరు గడి ఖాళీగా వదిలేయండి. తండ్రి ఇంటిపేరు, తల్లి ఇంటిపేరు, ఊరు మాత్రమే ఇవ్వండి. ఆ దంపతుల పిల్లలందరూ వరసగా బయటికి వస్తారు. స్పెల్లింగ్ అనుమానం ఉన్న అక్షరం దగ్గర నక్షత్రం గుర్తు పెట్టండి. పాత రాతల్లో బీ, వీ ఒకదాని బదులు ఒకటి వస్తాయి, ఎస్, జెడ్ కూడా అంతే. అప్పటికీ దొరక్కపోతే ‘లేదు’ అనుకోకండి. సెర్చ్‌లో వచ్చేవి పేర్లు ఎక్కించిన పేజీలు మాత్రమే. ఎక్కించనివి ‘ఇమేజెస్’ విభాగంలో ఊరి పేరు కింద ఉంటాయి. అక్కడ పేజీలు ఒక్కొక్కటే తిప్పుకోవాలి. పుస్తకాల చివర చాలాసార్లు పేర్ల పట్టిక ఉంటుంది, ముందు అది చూడండి. అందులో మొదటి పేరునే అక్షరక్రమంలో పెట్టడం మామూలు, ఇంటిపేరును కాదు. నేను ఈ సంగతి తెలియక ఒక రాత్రంతా గార్సియాల కోసం వెతికాను.

ప్రశ్న: మా అల్లుడి వాళ్ల పాత బాప్టిజం కాగితం మీద తారీఖు దగ్గర 8 వేసి పక్కన ‘బ్రె’ అని ఉంది. ఆగస్టు అని రాసుకున్నాను. చాట్‌జీపీటీ కూడా అవునంది. కానీ పక్క పేజీలతో కలవడం లేదు. (డాలస్)

జవాబు: అది అక్టోబర్ అండీ. సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా నెలల పేర్లు లాటిన్‌లో ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది నుంచి పుట్టాయి. 7 వేసి బ్రె అంటే సెప్టెంబర్, 9 అయితే నవంబర్, రోమన్ పది గుర్తు ఉంటే డిసెంబర్. సప్త, అష్ట, నవ, దశ అనుకుంటే ఇక మరిచిపోరు.

ఏఐ గురించి ఒక మాట. చదవలేని చోట ‘చదవలేకపోయాను’ అనడం దానికి అంత అలవాటు లేదు, నున్నగా ఒక పేరు అల్లేస్తుంది. నేరుగా అనువాదం అడక్కండి. ముందు స్పానిష్‌లో ఉన్నది ఉన్నట్టు అక్షరాల్లో దించమనండి, తెలియని చోట ప్రశ్నార్థకం పెట్టమనండి. తర్వాత అదే పేజీలో పైనా కిందా ఉన్న నమోదులతో పోల్చండి. పాదిరి రోజూ ఒకే మంత్రం చదివినట్టు ఒకే వాక్యం రాస్తాడు, మారేవి పేర్లు మాత్రమే. పది నమోదులు చూస్తే పదకొండోది మీకే వచ్చేస్తుంది. ‘ఇహో లెహీతిమో’ అంటే పెళ్లయిన దంపతుల బిడ్డ. పేరు ముందు ‘ఫినాదో’ అని ఉంటే ఆ మనిషి అప్పటికే పోయారని. ‘పాద్రినోస్’ అంటే జ్ఞాన తల్లిదండ్రులు. వాళ్ల పేర్లు తప్పకుండా రాసుకోండి, చాలాసార్లు చుట్టాలే అయ్యుంటారు.

1822కి ముందు పుస్తకమైతే పేరు పక్కన ఎస్పాన్యోల్ (స్పానిష్), మెస్తిసో (స్పానిష్, స్థానిక తెగల కలయిక), ములాతో (స్పానిష్, ఆఫ్రికన్ కలయిక), ఇందియో (స్థానిక తెగ) అని జాతి రాసి ఉంటుంది. ఆ ఏడాది ప్రభుత్వం అలా రాయొద్దని ఉత్తర్వు ఇచ్చింది. ఆ మాట పట్టుకుని వంశం తేల్చేయకండి. అది పాదిరి కంటికి ఆ రోజు తోచింది. అదే మనిషికి పెళ్లినాడు ఒకటి, బిడ్డ బాప్టిజం నాడు ఇంకొకటి రాసిన సందర్భాలు ఉన్నాయి.

ఫ్యామిలీసెర్చ్‌లో 2024 నుంచి ‘ఫుల్ టెక్స్ట్’ సెర్చ్ ఉంది. చేతిరాతను ఏఐ చదివి పెడుతుంది. మొదట పెట్టిన వాటిలో మెక్సికో నోటరీ పత్రాలు ఉన్నాయి. భూముల అమ్మకాలు, వీలునామాల్లో తాతల పేర్లు దొరకాలంటే అక్కడ ప్రయత్నించండి.

ప్రశ్న: పేజీ మీద కెమెరా బొమ్మ, దాని మీద తాళంచెవి. నొక్కితే తెరుచుకోవడం లేదు. డబ్బు కట్టాలా?

జవాబు: అక్కర్లేదు. ఆ రికార్డు అసలు యజమానితో ఉన్న ఒప్పందం వల్ల ఇంటి నుంచి చూపించరు. ఫ్యామిలీసెర్చ్ సెంటర్లో గానీ, దాని అనుబంధ లైబ్రరీలో గానీ కూర్చుంటే అదే పేజీ తెరుచుకుంటుంది. చిరునామాలు సైట్‌లోనే మ్యాప్‌లో ఉంటాయి. పెన్‌డ్రైవ్ పట్టుకెళ్లండి.

ప్రశ్న: నేను కష్టపడి పెట్టిన తాతగారి పుట్టిన తేదీని ఎవరో మార్చేశారు! ఇదేం అన్యాయం?

జవాబు: అక్కడి వంశవృక్షం మీ సొంతం కాదు, ప్రపంచమంతటికీ ఒకటే చెట్టు. పోయినవాళ్ల పేజీని ఎవరైనా దిద్దొచ్చు. బతికున్నవాళ్ల వివరాలు మాత్రం మిగతావాళ్లకు కనిపించవు. మార్పుల చరిత్రలోకి వెళ్లి పాతది తిరిగి తెచ్చుకోండి, ఆధారంగా పేజీ బొమ్మ జత చేయండి. ఆధారం ఉన్న దానిని జనం తొందరగా కదిలించరు. మీ అసలు కాపీ మాత్రం మీ కంప్యూటర్‌లోనే ఉండాలి. గ్రాంప్స్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, విండోస్, మ్యాక్, లినక్స్ దేనిలోనైనా నడుస్తుంది. పేర్లు తెలుగులో టైప్ చేసుకున్నా తీసుకుంటుంది. ఫైల్‌ని జెడ్‌కామ్ (GEDCOM) రూపంలో కూడా దాచుకోండి. 1984 నుంచి ఉన్న పద్ధతి అది, రేపు ఇంకో సాఫ్ట్‌వేర్‌కి మారినా అది చదువుతుంది.

ప్రశ్న: ఇంత తంటా దేనికి, డీఎన్‌ఏ కిట్ కొంటే సరిపోదా?

జవాబు: సరిపోదు. అది ‘మీకు ఫలానావాళ్లు చుట్టం’ అంటుంది గానీ ఎలా చుట్టమో చెప్పదు, దానికి మళ్లీ కాగితాలే కావాలి. న్యూవో లియోన్ లాంటి చోట పాతకాలంలో కొద్ది కుటుంబాలే తమలో తాము ఇచ్చిపుచ్చుకున్నాయి కాబట్టి దూరపు చుట్టాలు కూడా దగ్గరివాళ్లలా కనిపిస్తారు. మన మేనరికాల ఇళ్లలోనూ ఇదే తేడా వస్తుంది. ఇంకొక సంగతి: డీఎన్‌ఏ కిట్లు అమ్మే 23అండ్‌మీ నుంచి 2023లో సుమారు 69 లక్షల మంది వివరాలు బయటికి పొక్కాయి, 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం, డీఎన్‌ఏ మార్చుకోలేం. చేయించుకోవాలనిపిస్తే ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్లకు, వాళ్లను అడిగి, చేయించండి.

ప్రశ్న: ఆ సైట్‌లో మనవాళ్ల రికార్డులు ఏమైనా ఉన్నాయా? (విజయవాడ)

జవాబు: మెక్సికో ఉన్నట్టు లేవు. పుట్టిన ప్రతి బిడ్డనూ రాసిన గుడి పుస్తకం మనకు లేదు కదా. కానీ హరిద్వార్ లాంటి తీర్థాల్లో పండాలు (తీర్థ పురోహితులు) రాసుకున్న యాత్రికుల చిట్టాలను వాళ్లు మైక్రోఫిల్మ్ తీశారు. ‘ఇండియా, హిందూ పిల్గ్రిమేజ్ రికార్డ్స్’ అనే పేరుతో ఉన్నాయి. అక్కడా పేరుతో కాదు, ఊరితోనే వెతకాలి.