మార్కులు ఎక్కించే ముందు

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

ఆత్మకూరు కాలేజీలో నీకు ఎగ్జామ్ సెక్షన్ అప్పగించారని, ఇంటర్నల్స్ (కాలేజీలోనే వేసే మార్కులు) యూనివర్సిటీ పోర్టల్‌లోకి ఎక్కించాలని టెన్షన్ పడుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సైట్ ఎర్రర్ చూపించిందంటే భయపడకు. అది తిప్పికొట్టిన వరుస నీ కంటపడుతుంది, దిద్దుకుంటావు. ఒకరి మార్కు పక్కవాడి నంబరుకు పడి, పోర్టల్ కిమ్మనకుండా తీసుకుందనుకో, అదీ అసలు తంటా. రిజల్ట్స్ వచ్చేదాకా ఎవరికీ తెలీదు. అప్పుడు ఉదయగిరి వైపు పిల్లాడు నెల్లూరు బస్సెక్కి, కాకుటూరులో యూనివర్సిటీ ఆఫీసు చుట్టూ అర్జీ పట్టుకుని తిరగాలి.

హాల్‌టికెట్ నంబరు లెక్క కాదమ్మా, పేరు లాంటిది. ఎక్సెల్ మాత్రం దాన్ని లెక్క అనుకుంటుంది. ముందు సున్నా ఉంటే మింగేస్తుంది. 11 అంకెలు దాటితే 2.21E+11 అని చూపిస్తుంది. 15 అంకెలు దాటితే మిగతావి సున్నాలైపోతాయి. అంకెల మధ్య ఒక్క E అక్షరం ఉన్నా, దాన్నీ పెద్ద లెక్కగా మార్చేస్తుంది. అందుకే ఖాళీ షీట్‌లోనే ఆ కాలమ్ ఫార్మాట్‌ను టెక్స్ట్ చేసి, ఆ తర్వాత నంబర్లు కొట్టు. పోయిన అంకెలు తర్వాత ఫార్మాట్ మారిస్తే తిరిగి రావు.

పోర్టల్ సీఎస్‌వీ (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైల్) అడిగితే ఇంకో చిక్కుంది. ఎదురుగా తెరిచి ఉన్న షీట్ ఒక్కటే సేవ్ అవుతుంది. అయ్యాక దాన్ని డబుల్ క్లిక్‌తో ఎక్సెల్‌లో తెరవకు. నువ్వు కాపాడిన సున్నాలు మళ్లీ ఎగిరిపోతాయి. చూడాలంటే నోట్‌ప్యాడ్‌లో చూడు.

పైన కాలేజీ పేరు అందంగా ఉండాలని సెల్స్ మెర్జ్ చేసే అలవాటు మన ఆఫీసుల్లో బాగా ఉంది. యూనివర్సిటీ ఇచ్చిన టెంప్లేట్‌లో అలాంటి అలంకారాలేం చెయ్యకు, హెడింగ్స్ ముట్టుకోకు. పాత సెమిస్టర్ ఫైల్ మీద దిద్దుకుంటూ పోకుండా కొత్తది దించుకో.

మార్కులు తారుమారయ్యేది ఎక్కువగా సార్ట్ చేసినప్పుడే. మార్కుల కాలమ్ ఒక్కటే ఎంచుకుని, దాన్ని మాత్రమే సార్ట్ చేస్తే నంబర్లు ఉన్నచోటే ఉంటాయి, మార్కులు మాత్రం కదిలిపోతాయి. చూడటానికి షీట్ నీటుగానే ఉంటుంది! ఫిల్టర్ వేసి ఉండగా పేస్ట్ చేసినా ఇంతే, దాగిన వరుసల్లోకీ పడుతుంది. నంబరును బట్టి మార్కు వెతికి తెచ్చే వీలుకప్ (VLOOKUP) ఫార్ములా వాడితే చివర ఫాల్స్ (FALSE) పెట్టడం మరవకు. పెట్టకపోతే అసలు నంబరు దొరక్కపోయినా దగ్గర్లో ఉన్న నంబరు మార్కు తెచ్చి పెట్టేస్తుంది.

పరీక్షకు రాని పిల్లాడికి సున్నా వేయకు. సున్నా అంటే రాసి ఏమీ తెచ్చుకోలేదని. ఆబ్సెంట్‌కు ఏ గుర్తు పెట్టాలో సర్క్యులర్‌లో ఉంటుంది. ఖాళీ వదలమంటే వదులు, ఏబీ అంటే ఏబీ. లెక్చరర్లు ఒకరు గీత, ఒకరు ఏ అని రాసిస్తారు. అవన్నీ ఒకే తీరుకు తేవడం నీ పనే, కానీ అనుమానమొస్తే మాత్రం వాళ్లనే అడుగు.

సరిచూడటానికి మొత్తం కూడి పేపర్ మీది మొత్తంతో పోల్చుతారు చాలామంది. ఇద్దరి మార్కులు తారుమారైనా కూడిక మారదుగా! లెక్చరర్ మార్కులు వేసి సంతకం పెట్టిన కాగితం, అదే అవార్డ్ లిస్ట్, పట్టుకుని ఒకరు చదవాలి, ఇంకొకరు పోర్టల్‌లో కనిపించేది చూడాలి, నీ షీట్ కాదు. పేరు, నంబరు, మార్కు మూడూ బయటికి చదవండి. అక్కడక్కడ నాలుగు చూసి వదిలేయకు. క్లాసులో 60 మంది ఉంటే 60 మందినీ చూడు. పది నిమిషాల పని.

ఆఖరి రోజు సాయంత్రం జిల్లాలో ఉన్న కాలేజీలన్నీ ఆ సైట్ మీదే పడతాయి. రెండు రోజుల ముందే కూర్చో. ఫైనల్ సబ్మిట్ నొక్కేముందు ప్రింట్ తీసి సబ్జెక్ట్ లెక్చరర్ సంతకం తీసుకో. నొక్కాక మార్చాలంటే నీ లాగిన్‌లో కుదరదు, ప్రిన్సిపాల్ లెటర్ పట్టుకుని పోవాలి.

పాస్‌వర్డ్ అటెండర్‌కు చెప్పకు, ఎంత మంచివాడైనా సరే. మార్కుల ఫైల్ స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో పెట్టకు. ఏదన్నా అర్థం కాకపోతే రాత్రి ఎనిమిది తర్వాత ఫోన్ చెయ్యి, షీట్ ముందు పెట్టుకుని.

మామయ్య, కావలి