లారీ చేరినా పొట్లం ఎందుకు చేరలేదు?

ప్రశ్న: 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచెత్తినప్పుడు మా ఊరివాళ్లం లారీతో పులిహోర పొట్లాలు పంపించాము. చాలావరకు పాచిపోయాయని తెలిసి కుమిలిపోయాము. మా తప్పు ఎక్కడుంది?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ ఔదార్యంలో లోపం లేదు, చిక్కంతా చివరి కిలోమీటరులోనే వచ్చింది. ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవహిస్తుండగా, బుడమేరు గండ్ల నీరు సింగ్‌నగర్ వీధులను నింపేసింది కనుక, మెరక దాకా వచ్చిన లారీల సరుకును అక్కడ దింపి, పడవలు, ట్రాక్టర్లు, కొన్నిచోట్ల డ్రోన్ల ద్వారా లోపలికి చేర్చవలసి వచ్చింది. ఒక్క లారీ సరుకుకు పడవ ఎన్నిసార్లు తిరగాలో ఊహించండి. పైగా పెద్దవీధిలో చాచిన చేతులకు పంచేసరికే పడవ ఖాళీ అయితే, వెనుక సందులో మేడమీద చంటిబిడ్డతో ఉన్న తల్లికి ఏమీ మిగలదు. నా మనసును ఎక్కువగా కలచివేసేది ఇదే.

కాబట్టి బయలుదేరే ముందే కలెక్టరు కార్యాలయపు కంట్రోల్ రూముకు ఫోను చేసి, ఏ వార్డుకు ఏం కావాలో, సరుకు ఎక్కడ దింపాలో, ఎవరు అందుకుంటారో తెలుసుకోండి. వండిన అన్నం దగ్గరి ఊళ్లకు వదిలి, మీరు అటుకులు, బిస్కెట్లు, పాలపొడి, తాగునీరు, కొవ్వొత్తులు, శానిటరీ ప్యాడ్లు పంపండి. ఇంటికొకటి చొప్పున, ఒక మనిషి భుజాన మోయగలిగినంత సంచి కట్టి, తడవకుండా పాలిథిన్ చుట్టి, లోపల ఏముందో పైన పెద్ద అక్షరాలతో రాయండి. పాత బట్టలు మాత్రం దయచేసి వద్దు; వాటిని వేరుచేయడానికే మనుషులు చాలరు.