ప్రతి జలుబుకూ యాంటీబయాటిక్ అవసరమా?

ప్రశ్న: జలుబు, దగ్గు, జ్వరం ఏది వచ్చినా మా వీధి డాక్టరుగారు సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్ రాస్తున్నారు. మా ఏడేళ్ల బాబుకు ఈ వర్షాకాలంలోనే మూడుసార్లు రాశారు. ఇది సరైనదేనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ ఆందోళన సమంజసమైనదేనమ్మా. మామూలు జలుబుకు కారణం వైరస్‌లు. యాంటీబయాటిక్‌లు పనిచేసేది బ్యాక్టీరియా మీద. వారం పది రోజుల్లో దానంతట అదే తగ్గే జలుబు మందు వల్లే తగ్గిందని మనం నమ్ముతాం కానీ, అనవసరంగా వాడిన ప్రతిసారీ ఆ మందుకు లొంగని బ్యాక్టీరియా బలపడి, రేపు నిజంగా అవసరమైనప్పుడు అది పనిచేయకుండా పోయే ప్రమాదం ఉంది. మందు అట్ట మీద నిలువుగా ఉండే ఎర్ర గీతను గమనించండి. చీటీ లేకుండా వాడకూడదన్న హెచ్చరిక అది. సెఫిక్సిమ్ 2014 మార్చి 1న అమలులోకి వచ్చిన షెడ్యూల్ హెచ్1 (డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల) జాబితాలోనిది, దాని అమ్మకాన్ని మందుల షాపువారు ప్రత్యేక రిజిస్టరులో రాసి 3 ఏళ్లు భద్రపరచాలి.

డాక్టరుగారిని ఒక్కరినే తప్పుపట్టలేం. త్వరగా తగ్గించమని ఒత్తిడి చేసేదీ మనమే. "ఇది బ్యాక్టీరియా వల్ల వచ్చిందంటారా, రెండు రోజులు ఆగి చూడవచ్చా?" అని మర్యాదగా అడగండి. ఇప్పటికే మొదలుపెట్టిన మందును మాత్రం సొంతంగా ఆపవద్దు. బాబు వేగంగా ఊపిరి తీసుకుంటున్నా, డొక్కలు ఎగరేస్తున్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి.